పన్నెండు పిస్టళ్ళు, ఒక ఫారం

నేను జీవితంలో తుపాకులు కొన్నది ఒక్కసారే. ఆ ఒక్కసారికే పన్నెండు కొన్నాను. నా కోసం కాదు, కంపెనీ కోసం. ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను కాబట్టి, పార్టీల్లో కుర్రవాళ్ళు పక్కన చేరి మీ కెరీర్‌లో మర్చిపోలేని ప్రాజెక్ట్ ఏది అంకుల్ అని అడుగుతుంటారు. ఇరవై రెండేళ్ళు చేసిన కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ కబుర్లు చెప్తానని వాళ్ళ ఆశ. నేను ఈ పిస్టళ్ళ సంగతి ఎత్తుతాను. గొప్పగా చేశాననుకునేరు. కాదు. ఆ ఇరవై రెండేళ్ళలో చేసిన తప్పులన్నీ సరిదిద్దుకోగలిగాను. ఇదొక్కటే మిగిలిపోయింది. పైగా నేను చేసిన తప్పు మీరూ చేస్తారు. ఆఫీసులో ఈ పాటికి చేసే ఉంటారు కూడా.

అమెరికాలో చాండ్లర్ అనే ఊళ్ళో ఉన్న ఆ చిప్పుల ఫ్యాక్టరీ నన్ను యాభై ఆరో ఏట లేఆఫ్ చేసింది. క్వాలిటీ విభాగంలో ఉండేవాణ్ణి. కొలవడం, లెక్కకట్టడం, చార్టు గీయడం, ఇదీ నా బతుకు. ఆ వయసులో మళ్ళీ కోడింగ్ టెస్టులు రాసే ఓపిక లేక, ఊళ్ళోనే ఉన్న ఒక చిన్న సర్వే కంపెనీలో చేరాను. వాగుల్లో చేపలు నీటికి ఎదురెక్కగలుగుతున్నాయా లేదా, రోడ్ల కింద తూములు వాటికి అడ్డుపడుతున్నాయా అని కొలిచి రిపోర్టులిచ్చే కంపెనీ అది. నా పని సామాన్లు, భద్రత. బూట్లు, తాళ్ళు, శాటిలైట్ ఫోన్లు, మందుల పెట్టెలు కొనడం, అవి పనిచేస్తాయో లేదో చూడటం. హాయిగా ఉండేది. బూటు బాగాలేకపోతే బూటు మారుస్తాం. బూటుకి మనసుండదు కదా.

మూడో ఏడాది కంపెనీకి అలాస్కాలో పెద్ద కాంట్రాక్ట్ వచ్చింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పదకొండు మంది అక్కడి వాగుల వెంట నడవాలి. వాగుల్లో సాల్మన్ చేపలుంటాయి. చేపలున్నచోట ఎలుగుబంట్లుంటాయి. మన సర్కస్ ఎలుగులు కావవి, గుర్రమంత ఉంటాయి. అందరి దగ్గరా కారప్పొడి స్ప్రే ఉండాలి, అదే మొదటి రక్ష. దాంతోపాటు ఛాతీ మీద కట్టుకునే పిస్టల్ కూడా ఉండాలని, అది వాడటం అందరికీ వచ్చి ఉండాలని ఇన్సూరెన్స్ వాళ్ళు షరతు పెట్టారు. కొలత కర్రలతో రెండు చేతులూ నిండి ఉంటాయి కాబట్టి పెద్ద తుపాకీ మోయడం కుదరదు.

మా డైరెక్టర్ ఒక అమెరికన్ ఆవిడ. మాట తక్కువ, న్యాయం తెలిసిన మనిషి. నన్ను పిలిచి, నువ్వు క్వాలిటీ మనిషివి కదా, ఏ పిస్టల్, ఏ తూటా అన్నది నువ్వే తేల్చు అంది. అప్పటికి నేను దీపావళి తుపాకీ తప్ప ఇంకో తుపాకీ పట్టుకుని ఎరగను. అయినా తెలీదని అనలేదు. తెలీదు అనడం మా తరం ఇంజినీర్ల సిలబస్‌లో లేదు. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ, బొద్దింకని చంపడానికి పక్కింటాయన్ని పిలిచే మనిషి ఎలుగుబంటికి తుపాకీ ఎంచుతాడా అని ఒక పూటంతా నవ్వుకుంది.

ఊరి బయట ఎడారిలో ఒక షూటింగ్ రేంజ్ ఉంది. దాని మాస్టర్ రిటైరైన పోలీసాయన. డెబ్భై దాటాయి, చెవులు సగమే పనిచేస్తాయి, కళ్ళు మాత్రం డేగ కళ్ళు. కంపెనీ ఆయన్ని మాకు గురువుగా పెట్టింది. ఫిబ్రవరిలో శనివారం శనివారం పొద్దున్నే వెళ్ళి ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. ఫార్టీఫోర్ మ్యాగ్నమ్ రివాల్వర్ బలమైనదే గానీ ఆరు తూటాలే పడతాయి, బరువు, పేల్చినప్పుడు అది వెనక్కి తన్నే తన్నుకి మోచెయ్యి దాకా ఝల్లుమంటుంది. టెన్ ఎమ్ఎమ్ పిస్టల్లో పదిహేను పడతాయి, చేతిలో కుదురుగా ఉంటుంది, బలం కూడా చాలినంత. రెండు వారాల్లో క్యాలిబర్, అంటే తూటా సైజు, తేలిపోయింది. టెన్ ఎమ్ఎమ్.

గొడవంతా తూటా దగ్గర వచ్చింది. మనుషుల కోసం చేసిన తూటాలు ఒంట్లో దిగగానే పువ్వులా విచ్చుకుని ఆగిపోతాయి. ఎలుగుబంటి చర్మం, కొవ్వు, ఎముక దాటాలంటే విచ్చుకోని గట్టి సీసపు తూటా కావాలి. అది కూడా ఒకే పేరుతో మెత్తటి రకం ఉంది, గట్టి రకం ఉంది. తూటా వేగం కొలిచే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. అది చూడగానే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కొలవడానికి ఏదో ఒకటి దొరికింది మరి. ఎనిమిది రకాల తూటాలు తెప్పించాను. డబ్బా మీద రాసిన వేగం ఎంత, నిజంగా వచ్చే వేగం ఎంత, అన్నీ కొలిచి చార్టు గీశాను. కొన్ని కంపెనీలు డబ్బా మీద పులిని వేసి లోపల పిల్లిని పెడుతున్నాయని తేలింది. ఒక్క రకం మాత్రం చెప్పిన వేగం చెప్పినట్టు ఇచ్చింది. అన్నిట్లోకీ బరువైనది, వేగమైనది, గట్టిది. చార్టులో అందరికంటే పైన ఉంది. ఎంసెట్‌లో ఫస్ట్ ర్యాంక్ వచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూశాను దాన్ని.

రేంజ్ మాస్టర్ నా చార్టు చూసి బుర్ర గోక్కున్నాడు. దీనికి రెండు మెట్లు కింద ఉన్న తూటా తీసుకో, చాలు అన్నాడు. తగలని పెద్ద తూటా వట్టి చప్పుడే, తగిలే చిన్న తూటా పనిచేస్తుంది అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయనకి అనుభవం ఉంది, నా దగ్గర డేటా ఉంది. మన పిల్లల ప్రాణాలు కదా, రెండో ర్యాంక్ ఎందుకు తీసుకోవాలి అనుకున్నాను.

అయితే నేను మరీ మూర్ఖుణ్ణి కాదు. తుపాకీ పేల్చేది చార్టు కాదు, మనుషులు అని తెలుసు. అందుకని నలుగురితో పరీక్ష పెట్టాను. రేంజ్ మాస్టర్, క్రూలో ఇద్దరు ఆరడుగుల మగవాళ్ళు, ఒక చిన్న చెయ్యి ఉన్న మనిషి. ఆ చిన్న చెయ్యి ఎవరిదో చెప్పాలి ఇప్పుడు.

ఆ అమ్మాయి మా ఫ్యామిలీ ఫ్రెండ్స్ కూతురు. ఇక్కడే పుట్టింది. అయిదో ఏట మా ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్లో కప్పల్ని పట్టి మా ఆవిడని హడలగొట్టిన పిల్ల. పెరిగి వాగుల మీదే మాస్టర్స్ చేసింది. వాళ్ళ నాన్నకి అది చదువులానే కనబడలేదు. ఎన్నో వాదనలయ్యాక తండ్రీ కూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఒక్క ఫీల్డ్ సీజన్, అంటే వాగుల వెంట తిరిగే కొలతల పని, పూర్తిగా చేసి పర్మనెంట్ ఉద్యోగం తెచ్చుకుంటే సరే, లేకపోతే బుద్ధిగా డేటా సైన్స్ కోర్సులో చేరాలి. మా కంపెనీలో ఖాళీ ఉందని చెప్పి, డైరెక్టర్‌కి రెజ్యూమే ఇచ్చింది నేనే. ఇంటర్వ్యూలో గెలిచింది మాత్రం తన సత్తాతోనే. అలాస్కా సీజన్ పూర్తిచేస్తే పర్మనెంట్ అని డైరెక్టర్ స్వయంగా మాటిచ్చింది. ఆ పిల్ల జీవితమంతా ఆ నాలుగు నెలల మీద ఉంది, ఆ సంగతి నాకు అందరికంటే బాగా తెలుసు.

పరీక్ష కోసం నేనే ఒక ఫారం తయారుచేశాను. పిడి చేతికి ఇమిడిందా, తన్ను భరించగలిగారా, తూటా ఎక్కడైనా ఇరుక్కుందా, గురి కుదిరిందా. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. మార్చిలో ఒక శనివారం అందరూ తలా యాభై తూటాలు పేల్చారు. మగవాళ్ళు ఫారాలు నింపి బల్ల మీద పడేసి కాఫీకి పోయారు. ఆ అమ్మాయి చివర్న వచ్చింది. మొహం ఎర్రగా ఉంది, ఎండ అనుకున్నాను. ఫారం, పెన్ను ఇచ్చి పక్కనే నిలబడి అడిగాను.

"బాగుంది కదమ్మా?"

"యా అంకుల్. ఇట్స్ గుడ్. బాగుంది."

అన్నిటికీ అయిదు వేసింది. ఇరుక్కుందా అన్నచోట లేదు అని రాసింది. నేను ఆ ఫారం చేతిలో పట్టుకుని ఎంత పొంగిపోయానో చెప్పలేను. రిపోర్టులో ప్రత్యేకంగా ఒక వాక్యం రాశాను. అందరికంటే చిన్న చెయ్యి ఉన్న ఉద్యోగికి కూడా ఈ పిస్టల్, ఈ తూటాతో ఏ ఇబ్బందీ కలగలేదు అని. డైరెక్టర్ ఆ వాక్యం చూసే సంతకం పెట్టింది. పదకొండు మందికి పదకొండు, స్పేర్ ఒకటి, మొత్తం పన్నెండు పిస్టళ్ళు వచ్చాయి.

అసలు ఆ మార్చి శనివారం సాయంత్రమే రేంజ్ మాస్టర్ నాకు ఒక మాట చెప్పాడు. ఆ అమ్మాయి మధ్యలో రెండుసార్లు ట్రక్కు వెనక్కి వెళ్ళి చెయ్యి విదిలించుకుంటోంది, పిస్టల్ రెండుసార్లు ఇరుక్కుంటే తనే సర్దుకుంది, మణికట్టు నిలవకపోతే అలా ఇరుక్కుంటుంది, ఒకసారి విడిగా కనుక్కో అన్నాడు. నేనేమన్నానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ఆ అమ్మాయి మాకు సొంత పిల్ల లాంటిది, ఏదైనా ఉంటే ముందు నాకే చెప్తుంది అన్నాను. ఆయన సరే అన్నాడు.

చిప్పుల ఫ్యాక్టరీలో ఇదే నేను అయితే ఊరుకునేవాణ్ణా? యంత్రం ఎలా ఉందో ఆపరేటర్ రాస్తున్నప్పుడు ఆ యంత్రం కొన్న మేనేజర్ ఆ గదిలోనే ఉండకూడదని రూల్ పెట్టించింది నేను. అది మొదటి పాఠం. మన తెలుగువాళ్ళ సంగతి వచ్చేసరికి ఆ పాఠం మర్చిపోయాను. వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటే అంటారు. నిజమే. కానీ ఆ వడ్డించేవాడు పక్కనే నిలబడి బాగుందా అని అడిగితే, ఉప్పు ఎక్కువైందని చెప్పే తెలుగు పిల్ల ఎక్కడైనా ఉందా?

ఏప్రిల్లో అందరికీ శిక్షణ మొదలైంది. నేను అప్పుడు శాటిలైట్ ఫోన్ల గొడవలో పడి రేంజ్ వైపు పెద్దగా వెళ్ళలేదు. మే మూడో వారంలో ఒక శుక్రవారం అసలు పరీక్ష. క్రూ వెళ్ళడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. రూల్ నేనే రాశాను. ఏడు గజాల దూరంలో కాగితపు పళ్ళెం, ఆరు తూటాలు, అయిదు తగలాలి. రెండు అవకాశాలు. మూడోది లేదు. ఎలుగుబంటి మూడో అవకాశం ఇవ్వదు కదా అని ఆ రూల్ కింద ఒక జోక్ కూడా రాశాను. మా ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు దాన్ని.

ఆ పొద్దున్న రేంజ్ మాస్టర్ అందరి మ్యాగజైన్లూ, అంటే పిస్టల్ పిడిలో దూర్చే తూటాల డబ్బీలు, తన చేత్తోనే నింపాడు. ప్రతి దాంట్లో ఎక్కడో ఒకచోట ఒక ఉత్తుత్తి తూటా పెట్టాడు. చూడటానికి అసలుదిలాగే ఉంటుంది, పేలదు. అది వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడో చూస్తే గుట్టు బయటపడుతుందట. తన్నుకి భయపడ్డ శరీరం ట్రిగ్గర్ నొక్కే ముందే ముడుచుకుపోతుంది. సూదిని చూడగానే చంటిపిల్ల ముందే ఏడ్చినట్టు. తూటా పేలినప్పుడు ఆ చప్పుడులో అది కనబడదు. పేలనప్పుడు కనబడుతుంది.

ఎనిమిది మంది గట్టెక్కారు. ఒకరిద్దరి పిస్టళ్ళు ఉత్తుత్తి తూటా దగ్గర కాస్త తల వంచాయి గానీ, మిగతావి తగిలాయి. తొమ్మిదోది ఆ అమ్మాయి. డైరెక్టర్, నేను, మిగతా క్రూ అంతా వెనక నిలబడి ఉన్నాం. రెండు తూటాలు పేలాయి. మూడోది టక్కుమంది. ఆ పిస్టల్ ముక్కు ఒక్కసారిగా నేల వైపు కూలిపోయింది. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. చప్పుడే లేదు, అయినా భుజాలు చెవుల దాకా వచ్చేశాయి.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం నయంగా ఉండేదేమో. ఉత్తుత్తిది తప్పినందుకు మాస్టర్ ఇంకో తూటా ఇచ్చాడు. మొత్తం ఆరింటిలో రెండు తగిలాయి. రెండో అవకాశంలో మూడు. అయిపోయింది.

డైరెక్టర్ నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ అడిగిన ప్రశ్న చాలా సూటి ప్రశ్న. ఇది ఆ అమ్మాయి లోపమా, మనం ఎంచిన పిస్టల్ లోపమా అంది. రేంజ్ మాస్టర్ అక్కడికి పది అడుగుల్లోనే ఉన్నాడు. నా వంక చూస్తున్నాడు. అక్కడ నేను ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది. ఫిబ్రవరి నుంచి ఆయన చెప్పిందంతా చెప్పి ఉండాల్సింది. నాకేం అడ్డొచ్చిందంటే నా రిపోర్టు. ముప్ఫై పేజీలు, పద్నాలుగు చార్టులు. చిప్పుల ఫ్యాక్టరీ నన్ను పంపించేశాక నేను గొప్పగా చేసిన మొదటి పని అది. బ్యాగులోంచి ఫైల్ తీసి, ఆ అమ్మాయి నింపిన ఫారం డైరెక్టర్‌కి చూపించాను.

"పిస్టల్లో తప్పు లేదు. చూడండి, ఆమే అన్నిటికీ అయిదు వేసింది" అన్నాను.

ఆ పిల్ల మా పక్కనే ఉంది, విన్నది. నా మొహం చూసి, "ఇట్స్ ఓకే అంకుల్" అంది. వెళ్ళి పిస్టల్ అప్పగించి సంతకం పెట్టింది. డైరెక్టర్ స్టాండ్‌బైలో ఉన్న, అంటే ఎవరైనా తప్పుకుంటే వెళ్ళడానికి శిక్షణ ఇచ్చి ఉంచిన, మనిషికి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా పేరు మార్చి అలాస్కా వాళ్ళకి పంపేశారు.

ఆదివారం సాయంత్రం నేనూ మా ఆవిడా వాళ్ళింటికి వెళ్ళాం. తిడతారని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు. వాళ్ళమ్మ టీ ఇచ్చి, "మీరుండబట్టి ఆ అవకాశమైనా వచ్చింది అన్నయ్యగారూ, దాని అదృష్టం అంతవరకే" అంది. వాళ్ళ నాన్న మొహంలో బాధ ఉంది గానీ, ఆ బాధ కింద ఎక్కడో ఊరట కూడా ఉంది. జూన్ పదినుంచి కోర్సు మొదలవుతుందని చెప్పాడు. తిట్టినా బాగుండేది.

ఆ అమ్మాయి వెనక పెరట్లో ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. కుడిచేతికి కట్టు ఉంది. బొటనవేలి మొదట్లో వాచి నీలంగా ఉంది. నెల రోజులుగా అలాగే ఉందిట. ప్రాక్టీస్‌కి తన్ను తక్కువున్న తూటాలు తనే కొనుక్కుని వేరే రేంజ్‌కి వెళ్ళి పేల్చేదట. వాటితో ఆరుకి ఆరూ తగిలేవట. మన తూటా పెట్టగానే చెయ్యి మాట వినేది కాదట. ఇదంతా ఏదో వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మరి మార్చిలోనే నాకెందుకు చెప్పలేదమ్మా?"

కట్టు అంచు లాక్కుంటూ కూర్చుంది.

"మీరు 'ఎలా ఉంది' అని అడగలేదు అంకుల్. 'బాగుంది కదా' అని అడిగారు. యూ వర్ సో హ్యాపీ. జాబ్ కూడా మీ వల్లే వచ్చింది కదా. ఐ కుడ్న్ట్ సే నో. మమ్మీ అయితే చంపేస్తుంది, అంకుల్‌కి అలా చెప్తావా అని."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నది, అంతే. మొహమాటం అనే జబ్బు ఈ దేశంలో పుట్టిన పిల్లలకి రాదనుకున్నాను. మనం ప్రతి ఆదివారం భోజనాల దగ్గర వాళ్ళకి కొసరి కొసరి తినిపించింది అదే. పెద్దవాళ్ళు పెట్టినది బాగాలేదనకూడదు, ఇంకొంచెం వేస్తానంటే వద్దనకూడదు. నేను ఆ పిల్లకి చేసింది కూడా అదే. ఎలుగుబంటిని చంపే తూటా వడ్డించి, పక్కన నిలబడి, బాగుంది కదమ్మా అన్నాను.

సోమవారం పొద్దున్న డైరెక్టర్ గదికి వెళ్ళి నా రిపోర్టు తప్పు అని చెప్పాను. ఎందుకు తప్పో చెప్పడానికి నానా పాట్లు పడ్డాను. ఆ అమ్మాయి అబద్ధం రాయలేదు, మర్యాద రాసింది, మర్యాద రాసేలా చేసింది నేను అని చెప్పాను. ఆవిడ అంతా విని, ఇది నువ్వు శుక్రవారం చెప్పాల్సింది అంది. ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా పట్టుకున్నాం. మంగళవారం మళ్ళీ పరీక్ష. అవే పిస్టళ్ళకి, చిన్న చేతుల్లో కూడా ఇమిడేలా పిడి వెనకుండే ముక్క తీసి సన్నటిది బిగించి, రేంజ్ మాస్టర్ ఫిబ్రవరిలోనే చెప్పిన, రెండు మెట్లు కిందున్న తూటా పెట్టాం. ఫారాల మీద పేర్లు లేవు. ఒక్కొక్కరూ ట్రక్కులో కూర్చుని తలుపేసుకుని రాసి కవరులో పడేశారు. నేను రేంజ్ దరిదాపుల్లో లేను, అది నేనే పెట్టుకున్న శిక్ష. సాయంత్రం కవర్లు విప్పితే పదకొండు మందిలో ఏడుగురు పాత తూటా తమకి మించిన బరువని రాశారు. ఆరడుగుల వాళ్ళలో ఒకడు, మార్చిలో కూడా చెయ్యి నొప్పెట్టింది గానీ ఆ చిన్న పిల్లే నొప్పి అనకుండా పేలుస్తుంటే నేను మూడు ఎలా వెయ్యను అని రాశాడు. అది చదివి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఇంట్లో ఉంది.

ఆ అమ్మాయి సంగతి మళ్ళీ కదిపాను. కొత్త తూటాతో తను నిక్షేపంగా గట్టెక్కుతుంది, వెనక్కి తీసుకుందాం అన్నాను. డైరెక్టర్‌కి కూడా ఇష్టమే. కానీ పేర్లు వెళ్ళిపోయాయి, విమానం టికెట్లు అయిపోయాయి, ఆ స్టాండ్‌బై మనిషి తన అపార్ట్‌మెంట్ కూడా ఖాళీ చేసేశాడు. అతని తప్పేముంది? ఇంకో మనిషికి చోటు లేదు. నా తప్పు పదకొండు మందికి సరిదిద్దగలిగాను. ఎవరి వల్ల అది బయటపడిందో ఆ ఒక్క పిల్లకి మాత్రం సరిదిద్దలేకపోయాను.

ఆ సీజన్లో ఏమైందో కూడా చెప్పేస్తాను, మీరెలాగూ అడుగుతారు. నాలుగు నెలల్లో రెండుసార్లు ఎలుగుబంట్లు దగ్గరికొచ్చాయి. ఒకసారి అరిస్తే పోయింది, ఇంకోసారి స్ప్రేకి పోయింది. పన్నెండు పిస్టళ్ళలో ఒక్కటి కూడా ఎలుగుబంటి మీద పేలలేదు. మెరుగుపెట్టి తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టాం. ఏ తూటా తన్ను తట్టుకోలేదని ఆ పిల్లని పక్కన పెట్టామో, ఆ తూటా అవసరమే రాలేదు. ఇది తలుచుకుంటే నాకు నవ్వూ రాదు, ఏడుపూ రాదు. అలుపు వస్తుంది. ఆ ఏడాది చివర్నే ఉద్యోగం మానేశాను. డైరెక్టర్ వద్దని కూడా అనలేదు.

ఆ అమ్మాయి కోర్సు చేసింది. ఇప్పుడు శాంటా క్లారాలో పెద్ద కంపెనీలో ఉంది. మంచి జీతం, మంచి ఇల్లు. పార్టీల్లో వాళ్ళ నాన్న ఆ సంగతి చెప్పినప్పుడు అందరూ సంతోషిస్తారు. నేను కూడా తలూపుతాను. వాగుల మాట ఎవరూ ఎత్తరు.

క్రూ బయల్దేరిన పొద్దున్న సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. గోడౌన్ ముందు వేన్ ఆగి ఉంది. నేను సామాన్ల పెట్టెలు లెక్కపెట్టి ఎక్కిస్తున్నాను. ఆ అమ్మాయి తన కారులో వచ్చింది. మాస్టర్స్ నుంచీ రెండేళ్ళుగా తను అలాస్కా వాగుల గురించి చదివి రాసుకున్న నోట్‌బుక్ ఒకటి ఉండేది, ఏ వాగు ఎక్కడ లోతు, ఎక్కడ తూము పాడైంది అని. దాన్ని తన స్థానంలో వెళ్తున్న మనిషి చేతిలో పెట్టి, ఏ పేజీలో ఏముందో ఓపిగ్గా చూపించింది. అతను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక థాంక్స్ థాంక్స్ అంటూనే ఉన్నాడు. వేన్ కదిలింది. అందరూ చెయ్యి ఊపారు, తనూ కట్టు లేని చెయ్యి ఊపింది. వేన్ మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతోనే ఉంది.

నేను దగ్గరికి వెళ్ళాను. నాకు వచ్చిన మాట ఒకటే, అలవాటైన మాట. బాగున్నావు కదమ్మా అనబోయాను. నోరు విప్పేలోపే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు అంకుల్. అడగొద్దు. ఈసారి అడిగితే నిజం చెప్పేస్తాను."

గోడౌన్ మెట్ల మీద కూర్చున్నాను. పక్కన చోటు చూపించాను.

"ఎలా ఉన్నావమ్మా?" అన్నాను.

చెప్పింది. నా గురించి, ఆ ఫారం తన ముందే తీసి చూపించడం గురించి, వాళ్ళ నాన్న గురించి, మా అందరి గురించి. సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో, ఎక్కడా అంకుల్ అనకుండా చెప్పింది. ఎండ మెట్ల మీదికి వచ్చేసింది. నేను మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.